పట్నం మురుగు, డెల్టా కూలీ కాళ్ళు

పెన్న మీద సంగం, నెల్లూరు బ్యారేజీలను 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. 1850ల నాటి ఆనకట్ట పాతబడిపోయిందని, కొత్తది కట్టాలని జిల్లా రైతాంగం ఏళ్ళ తరబడి అడిగి సాధించుకున్నది. నెల్లూరు బ్యారేజీ కింద దాదాపు లక్ష ఎకరాలున్నాయి. నీళ్ళు నిలబడ్డాయి, సంతోషమే. ఆ నీళ్ళు బ్యారేజీ నుంచి పొలం చేరేలోపల ఏమవుతున్నాయన్నదే మా ప్రశ్న.

జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ నెల్లూరు పట్నం మధ్యగా పోతాయి. యిళ్ళ మురుగు, హోటళ్ళ కడుగునీళ్ళు, చెత్త వాటిలో కలుస్తున్నాయి. మిగిలిన మురుగు పెన్నలోకి పోయి ఊటుకూరు వైపు సముద్రానికి చేరుతుంది. సోమశిల నుంచి నీళ్ళు దండిగా వదిలినప్పుడు యిదంతా పలచబడి కంటికి కనబడదు. ఎడగారుకి నీళ్ళు సన్నగిల్లితే కాలువలో పారేదాంట్లో పట్నం వాటానే ఎక్కువవుతుంది.

ఆ నీళ్ళలో దిగేదెవరు? భూమిగల ఆసామి గట్టు మీద నిలబడతాడు. పొద్దస్తమానం మోకాలి లోతు బురదలో వొంగి నాట్లేసేది కూలి ఆడవాళ్ళు. కాళ్ళు పాసి, గోళ్ళు చెడి, దురదలతో రాత్రి నిద్రపట్టక మందులషాపులో గొట్టం మందు కొనుక్కుంటే ఆ డబ్బులు ఎవరి కూలిలోంచి పోతున్నాయి? చర్మం సంగతి అట్లా వుంచినా కొంకిపురుగు వుంది. అది వొట్టి కాళ్ళలోంచే వొంట్లోకి దూరి రక్తం తాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే మురుగునీటి సేద్యానికి హద్దు పెట్టింది: పొలంలో పనిచేసేవాళ్ళ క్షేమం కోసం లీటరు నీటిలో పేగుపురుగుల గుడ్డు ఒకటికి మించి వుండకూడదు. మన కాలువలో ఆ లెక్క ఎవరైనా తీసి కూలీలకు చెప్పారా?

మురుగులో ఎరువుంది, యూరియా ఖర్చు తగ్గుతుందనే వాళ్ళున్నారు. నత్రజని వుండే మాట నిజమే. అది హద్దు మీరితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది. అప్పుడు నష్టం కౌలుదారుది.

యిది వొక్క నెల్లూరు గొడవ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో యిచ్చిన లెక్క ప్రకారం దేశంలో పట్నాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు. శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 288 కోట్లకు 31 కోట్లు కూడా కాదు! ప్లాంట్లు కట్టినచోట్లా అన్నీ నడవడం లేదని ఆ లెక్కే చెబుతోంది. ఎందుకు నడవవు? మురుగును శుద్ధిచేసేది సూక్ష్మజీవులు. వాటికి రేయింబవళ్ళు గాలి కొట్టాలి. కరెంటు బిల్లు కట్టకపోతే గాలి ఆగుతుంది, అవి చస్తాయి, వచ్చిన మురుగు వచ్చినట్టే బయటికి పోతుంది. హడ్కో అప్పుతో నెల్లూరు వీధులన్నీ తవ్వి పైపులేశారు. యింటింటి కనెక్షన్ లేకపోతే ఆ పైపుల్లో పారేదేమిటి? పైపు వేస్తే కాంట్రాక్టరుకు బిల్లవుతుంది. ప్లాంటు పదేళ్ళు నడపడంలో ఆ మోజు వుండదు.

డబ్బుల్లేవనే సాకు చెల్లదని రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం ఫ్యాక్టరీకెంతో మునిసిపాలిటీకీ అంతే. 2017లో మూడేళ్ళ గడువిచ్చింది సుప్రీంకోర్టు. 2019లో హరిత ట్రిబ్యునల్ ఆలస్యానికి నెలకు లక్షల్లో జరిమానా అంది. ఆ జరిమానా కట్టినా అది జనం పన్నుల సొమ్మే గదా!

యింకొక ముచ్చట. శుద్ధిచేసిన నీటికి యిప్పుడు గిరాకీ వుంది. చెన్నైలో కోయంబేడు ప్లాంటు నీళ్ళను 2019 నుంచి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు. కృష్ణపట్నం రేవున్న జిల్లాలో రేపు ఆ మాట రాకపోదు. మురుగు వున్నన్నాళ్ళూ కూలీల కాళ్ళకి, మంచినీళ్ళయితే కంపెనీ గొట్టాలకా? శుద్ధమైన నీళ్ళు ముందు కాలువల చివరి భూములకు యివ్వాలని తీర్మానంలో రాయించాలి.

నాట్లకు ముందే గ్రామ రైతుకూలీ సంఘాలు కార్పొరేషనుకు, కాలుష్య మండలికి అర్జీలు పెట్టాలి. కాలువ పట్నంలోకి వచ్చేచోట, వదిలిపోయేచోట నెలనెలా నీళ్ళు పరీక్షించి ఫలితం తెలుగులో పంచాయతీ గోడకు అంటించమనాలి. పురుగుల మందు ఏడాదికి రెండుసార్లు నాట్ల కూలీలందరికీ ఆరోగ్య కేంద్రం ఉచితంగా యివ్వాలి. కాలువ పూడిక తీసే కూలీలకు మోకాలి బూట్లు, చేతితొడుగులు లేకుండా పనిలో దించకూడదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు వుండనే వుంది.