దాతలుగా కాదు, అతిథులుగా

యేసు ప్రభువు డెబ్బైమందిని ఇద్దరిద్దరుగా ఊళ్లకు పంపిన సంగతి లూకా సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. డబ్బు సంచి వద్దన్నాడు, జోలె వద్దన్నాడు, చెప్పులు సైతం వద్దన్నాడు. ఏ ఇంటివారు చేర్చుకుంటే ఆ ఇంట్లోనే ఉండి, వారు పెట్టింది తినమన్నాడు. రోగులను బాగుచేయమన్న ఆజ్ఞ ఆ తర్వాత వచ్చింది. అంటే పంపబడినవాడు ముందు ఒకరి గడపలో అతిథి. ఒకరి చేతి అన్నం తిన్నాకే వారికి చేయవలసిన సేవ మొదలవుతుంది. ఈ వరుసను సంఘం చాలాసార్లు తలకిందులు చేసింది. ఇప్పుడు మన పిల్లల విషయంలో కూడా అదే చేస్తున్నామేమోనని మాకు దిగులుగా ఉంది.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాల్లో పదహారు, పదిహేడేళ్ల విద్యార్థులను బృందాలుగా పేద దేశాలకు సేవాయాత్రకు పంపడం చాలా పాఠశాలల్లో ఆనవాయితీ. పిల్లలు కేకులు అమ్మి, కార్లు కడిగి, బంధువులను అడిగి ఖర్చులకు డబ్బు పోగు చేసుకుంటారు. ఒక బడికి గోడ కట్టడం, ఒక ఆశ్రమానికి రంగులు వేయడం, అక్కడి పిల్లలతో ఆటలు, తర్వాత కొండలెక్కడమో అడవి జంతువులను చూడడమో. ఇదీ మామూలుగా కార్యక్రమం. చర్చిల యూత్ గ్రూపులూ ఇలాంటి యాత్రలే చేస్తాయి. ఆ దేశాల్లో స్థిరపడిన మన తెలుగు విశ్వాసుల పిల్లలూ వీటికి వెళుతుంటారు. అలాంటి బృందాలు మన ఊళ్లకూ వస్తుంటాయి. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు.

పిప్పా బిడిల్ అనే అమెరికా రచయిత్రి 2014లో తన అనుభవం రాశారు. హైస్కూలులో ఉండగా ఆమె తోటి విద్యార్థినులతో టాంజానియా వెళ్లారు. మొత్తం 15 మంది బాలికలు. ఒక్కొక్కరికి ఖర్చు 3 వేల డాలర్లు. ఒక వారం అనాథాశ్రమంలో ఉండి గ్రంథాలయం కట్టాలి, మరో వారం సఫారీ. పొద్దంతా ఆ పిల్లలు సిమెంటు కలిపి ఇటుకలు పేర్చేవారు. వారికి ఆ పని చేతకాదు. రాత్రి వాళ్లు నిద్రపోయాక స్థానికులైన మగవాళ్లు వచ్చి, ఆ వంకర వరసలను విప్పి, మళ్లీ సరిగా కట్టేవారు. తెల్లారి లేచిన పిల్లలకు తమ పనితనం గురించి అనుమానం రాకుండా చూడాలన్నదే వారి తాపత్రయం.

ఆ బాలికలను చూసి నవ్వడానికి ఈ సంగతి చెప్పడం లేదు. వారి మనసు మంచిదే. కానీ ఆ రాత్రి పని చేసిన మనుషుల గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. వారికి పని వచ్చు. ఆ గోడ పగటిపూటే నిలబెట్టగల నేర్పు వారి చేతుల్లో ఉంది. అయినా అతిథుల సంతోషం కోసం తమ నేర్పును చీకట్లో దాచుకున్నారు. పదిహేను మంది ఖర్చు కలిపితే 45 వేల డాలర్లు. అందులో కొంత భాగం అక్కడి తాపీమేస్త్రీలకు కూలిగా అందినా గ్రంథాలయం త్వరగా లేచేది, ఆ ఇళ్లలో పొయ్యి వెలిగేది. పేదరిక నిర్మూలనలో చాలా ఏళ్లు పనిచేసిన క్రైస్తవ సేవకుడు రాబర్ట్ లప్టన్ 2011లో వెలువడిన తన పుస్తకంలో మరో ఉదాహరణ ఇచ్చారు. మెక్సికోలో ఒక చర్చికి ఒకే వేసవిలో ఆరు బృందాలు వచ్చి ఆరుసార్లు రంగు వేశాయి. రంగు అవసరం ఆ గోడలకంటే వచ్చినవారికే ఎక్కువగా ఉందన్నమాట.

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి భిన్నమైన సాక్ష్యం ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి పని చూపించారు, చేసిన పనికి కూలి ఇప్పించారు. కరువు రోజుల్లో బాప్తిస్మాలు కూడా ఆపేశారు. అన్నం కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట ఆ ప్రజలు పడకూడదన్నది ఆయన పట్టుదల. ఆకలిగా ఉన్న మనిషికి కూడా గౌరవం ఉంటుందని ఎరిగిన సేవ అది.

గోడల సంగతి అలా ఉంచి, పిల్లల సంగతికి వద్దాం. ఇది మరింత బరువైనది. కంబోడియాలో 2005లో 154 ఉన్న అనాథాశ్రమాలు 2010 నాటికి 269 అయ్యాయి. ఆ అయిదేళ్లలో అనాథలు అంతగా పెరగలేదు. పెరిగింది చూడడానికి వచ్చే విదేశీయులు, వారిచ్చే విరాళాలు. ఆ ఆశ్రమాల్లోని ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011లో యునిసెఫ్ సహకారంతో జరిగిన పరిశీలనలో తేలింది. చదువు చెప్పిస్తాం, కడుపునిండా పెడతాం అంటే పేద తల్లి నమ్మి పంపింది. బిడ్డ అక్కడ అనాథ అనే పేరుతో అతిథుల ముందు పాటలు పాడింది. ఈ కారణాలతోనే ఆశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట జరిగే యాత్రల వల్ల పిల్లలకు కలిగే హాని గురించి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో తీర్మానం చేసింది.

వారం రోజులు వచ్చి, ఎత్తుకుని, ముద్దాడి, ఫొటో దిగి వెళ్లిపోయే అక్కయ్యను ఆ బిడ్డ మరిచిపోదు. మరో వారం మరో అక్కయ్య వస్తుంది. ఆమే వెళ్లిపోతుంది. ప్రేమించినవారంతా వెళ్లిపోతారన్న పాఠం ఆ పసి మనసు మళ్లీ మళ్లీ నేర్చుకుంటుంది. యాత్రకు వెళ్లినవారికి అది మధురమైన జ్ఞాపకం. అక్కడ ఉండిపోయిన బిడ్డకు అది మరో వియోగం.

ఇక్కడ మనల్ని మనం ప్రశ్నించుకోక తప్పదు. విదేశీ బృందం వస్తోందంటే మన హోముల్లో, హాస్టళ్లలో ఏం జరుగుతుంది? పిల్లలకు కొత్త బట్టలు తొడిగి వరుసగా నిలబెడతాం. పూలదండలు వేయిస్తాం. కళ్లు మూసుకుని పాడమంటాం. ఊళ్లో కూలికి వెళ్లే తల్లి ఉన్న బిడ్డను కూడా ఎవరూ లేని బిడ్డగా పరిచయం చేసిన సందర్భాలు మనకు తెలియనివా? సంరక్షణ అవసరమైన పిల్లలుండే ప్రతి ఆశ్రమం, ప్రభుత్వ నిధులు తీసుకున్నా తీసుకోకపోయినా, నమోదై ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. మిగతా దారులన్నీ మూసుకుపోయాకే బిడ్డను ఆశ్రమంలో ఉంచాలన్నది ఆ చట్టంలోని సూత్రం. అలాంటి పిల్లలను గుర్తుపట్టేలా పేర్లు, ఫొటోలు మీడియాలో ప్రచురించడాన్ని కూడా అది నిషేధించింది. చట్టం చెప్పకముందే సంఘం పాటించవలసిన మర్యాద ఇది.

దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఇబ్బందిలో పరామర్శించడమే నిజమైన భక్తి అని యాకోబు భక్తుడు తన పత్రికలో బోధించాడు. పరామర్శ అనే మాట తెలుగువారికి బాగా తెలుసు. చావు ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు మనం ఫొటోలు దిగం. పక్కన కూర్చుంటాం, వింటాం, చేయగలిగింది చడీచప్పుడు లేకుండా చేసి వస్తాం. పైగా ఆయన పిల్లలను, తల్లులను ఒకేచోట తలచాడు. విధవరాలైన తల్లికి కుట్టుమిషనో, పాడిగేదో, బిడ్డ బడి ఖర్చులో అందితే ఆ బిడ్డ తల్లి ఒడిలోనే పెరుగుతుంది. తల్లిని వదిలేసి బిడ్డను మాత్రమే చేర్చుకుంటే ఆయన చెప్పినదాన్ని సగమే విన్నట్టు.

అయితే పిల్లలను ఎక్కడికీ పంపవద్దా? మేమలా అనడం లేదు. పొరుగువాడి కష్టం కళ్లారా చూడని యౌవనస్థుడు సువార్తను సగమే అర్థం చేసుకుంటాడు. ఎలా వెళ్లాలన్నదే అసలు మాట. ఐడా స్కడర్ యువతిగా తిండివనంలో తల్లిదండ్రుల దగ్గర ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ప్రసవవేదనలో చనిపోయారు. మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వని కుటుంబాలవి. రమ్మని తననే పిలిచారు, తనకేమో వైద్యం రాదు. రాని వైద్యం చేయబోలేదు ఆమె. అమెరికాకు తిరిగి వెళ్లి, చదివి, 1899లో డాక్టరు పట్టా పుచ్చుకుని, 1900లో తిరిగి వచ్చారు. వచ్చాక జీవితమంతా ఇక్కడే ధారపోశారు. మన జిల్లాల నుంచి ఏటా ఎందరో వైద్యం కోసం వెళ్లే వేలూరు ఆస్పత్రి ఆ రాత్రి ఫలమే. కొద్దికాలపు ప్రయాణం ఇలా ఫలించగలదు. చూసింది, తన చేతకానితనం గుర్తించింది, నేర్చుకుంది, తిరిగి వచ్చింది.

వి.ఎస్. అజరయ్య గారు తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు వారి మధ్య తెలుగు భాషలోనే సేవ చేశారు. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య సంఘాల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు స్నేహితులు కావాలని అడిగారు. నూరేళ్లు దాటినా ఆ విన్నపం పాతబడలేదు. స్నేహితుడు మన పేరు గుర్తుంచుకుంటాడు, మన భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటాడు, మన ఇంట తింటాడు, మళ్లీ వస్తాడు. దాతకు వీటిలో ఏదీ తప్పనిసరి కాదు.

కాబట్టి పిల్లలను పంపే తల్లిదండ్రులు, సంఘాలు ముందుగా కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. రమ్మని అక్కడివారు అడిగారా, లేక మనమే తేదీలు నిర్ణయించుకున్నామా? మన పిల్లలు చేయబోయే పని కూలికి చేసేవారు ఆ ఊళ్లో ఉన్నారా? ముక్కూ మొహం తెలియని పరదేశి వచ్చి మన బిడ్డను ఎత్తుకుని ఫొటో తీస్తే ఒప్పుకుంటామా? మనం వచ్చేశాక అక్కడ మిగిలేదేమిటి? జవాబులు సరిగా లేకుంటే యాత్రను ఆపనక్కరలేదు, మార్చుకుంటే చాలు. గోడ కట్టే వారం బదులు ఒక కుటుంబంతో గడిపే వారం కావాలి. వంట, వ్యవసాయం, భాష, ఆరాధన అక్కడివారి దగ్గర నేర్చుకోవాలి. డబ్బు పంపదలిస్తే యూదయలోని కరువుబాధితులకు అంతియొకయ సంఘం పంపినట్టు స్థానిక పెద్దల చేతికే లెక్కతో అందాలి.

ఆతిథ్యమిచ్చే మన సంఘాలకు ఇది ఇంకా కష్టం. హోము నడిపే కాపరికి ఆ బృందాల కానుకలే నెల ఖర్చు కావచ్చు. పిల్లలను వరుసలో నిలబెట్టనంటే కానుక తగ్గవచ్చు. ఆ నష్టం చిన్నది కాదని మాకు తెలుసు. అందుకే ఆ భారం ఒక్క కాపరి మీద వదలకూడదు, స్థానిక సంఘం పంచుకోవాలి. తమ లేమిలోనే యెరూషలేము పరిశుద్ధుల కోసం ఇచ్చిన మాసిదోనియ సంఘాలను పౌలు ఎంతగానో మెచ్చుకున్నాడు. వారానికి ఒక్క కుటుంబం ఒక పూట బియ్యం ఇచ్చినా ఆ హోము పిల్లలు పరాయివారి ముందు తమ దుఃఖాన్ని పాడి వినిపించే అవసరం తప్పుతుంది.

ఈసారి బృందం వస్తే పిల్లల ప్రదర్శన మానేద్దాం. వచ్చినవారిని మన ఇళ్లకు తీసుకెళ్లి, ఆకు వేసి, ఉన్నదే వడ్డిద్దాం. మన పిల్లలు వెళ్తే పెట్టింది తిని, చెప్పింది విని రమ్మని ప్రార్థన చేసి పంపుదాం. ఖాళీ చేతులతో శిష్యులను పంపిన ప్రభువుకు ఆ చేతులను ఎలా వాడుకోవాలో తెలుసు.