అక్క అత్తవారింటికి వెళ్ళాక తమ్ముడితో మాట్లాడేదెవరు?

వికలాంగ ధ్రువపత్రాల పనిమీద మా సాయం కోరి వచ్చే కుటుంబాలలో ఒక దృశ్యం మాకు తరచుగా ఎదురవుతుంది. పదిహేనేళ్ళ బధిర బాలుడు ఓ పక్కన కూర్చుంటాడు. అతణ్ణి ఏమి అడిగినా తల్లిదండ్రులు కూతురి వైపు చూస్తారు. రెండేళ్ళు పెద్దదైన ఆ అమ్మాయి సైగలతో తమ్ముణ్ణి అడిగి, జవాబు మాకు చెబుతుంది. "వాడి భాష మా ఆపాకే తెలుసు" అని తండ్రి మురిసిపోతాడు. ఆ మాట వింటే మాకు సంతోషం కంటే దిగులే ఎక్కువ కలుగుతుంది.

ఆటల్లో పుట్టిన ఆ సైగల వెనుక ఉన్న ప్రేమ నిజమైనదే. అయితే కౌమారం వచ్చేసరికి ఆ ప్రేమే ఉద్యోగమవుతోంది. ఆసుపత్రికైనా, బ్యాంకుకైనా, బంధువుల ఇంటికైనా ఆమె వెంట ఉండవలసిందే. రేపు పరీక్ష ఉన్నా తప్పదు. తమ్ముడి బాధ వేరు. ఆ వయసులో ఒంట్లో వచ్చే మార్పులను వైద్యునికి అక్క ద్వారా ఏ కుర్రవాడు చెప్పగలడు? దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ నవ్వుతారు. ఎందుకని అడిగితే "తర్వాత చెబుతా" అంటుంది అక్క. ఆ తర్వాత ఎన్నటికీ రాదు. తన దగ్గర దాస్తున్నారని అతడికి కోపం, తనకు విశ్రాంతి లేదని ఆమెకు విసుగు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

మన ఇళ్ళలో మరో చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. బడిలో తెలుగు అక్షరాలు నేర్చిన బధిర బాలుడు ఇంట్లోవారి పెదవుల కదలికను పట్టుకోలేడు. బధిర బాలిక విషయంలో సమస్య ఇంకా లోతైనది. రేపు నికాహ్ వేళ ఆమె సమ్మతిని అన్నే చెప్పవలసి వస్తే, అది ఆమె సమ్మతేనని సాక్షులు ఎలా రూఢి చేసుకుంటారు?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. బధిరులకు వారికి తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధించాలని కూడా అదే చట్టం చెబుతోంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పది వేల పదాల నిఘంటువును సిద్ధం చేసింది. ఆ వీడియోలను ఇంట్లో ఫోనులోనే చూడవచ్చు. బడి బాధ్యతను చట్టం చెప్పింది. ఇంటి బాధ్యత మాత్రం మనదే.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. వారానికి పది సైగలు నేర్చుకోండి. గురువుగా మీ బధిర బిడ్డనే పెట్టుకోండి. నేర్పేవాడి స్థానం అతనికి ఇంట్లో మొదటిసారి దక్కుతుంది. కుటుంబాలకూ సైగలు నేర్పమని ప్రత్యేక పాఠశాలలను అర్జీ రాసి అడగండి. మన సంఘాలు వేసవి శిబిరాలలో ఇందుకు రోజూ ఒక గంట కేటాయించాలి. ఆసుపత్రిలో, నికాహ్‌లో కుటుంబేతరుడైన దుబాసీని పిలిపించుకోవడం అలవాటు కావాలి.

నాలుగేళ్ళలో ఆ అమ్మాయికి పెళ్ళవుతుంది. ఆమెతోపాటు ఆ ఇంటి నుంచి తమ్ముడి భాష కూడా వెళ్ళిపోకుండా చూడడానికి మనకున్న వ్యవధి అంతే.