వాలుల లబ్ధం మైనస్ ఒకటే ఎందుకు?

రెండు రేఖలు పరస్పరం లంబంగా ఉంటే వాటి వాలుల లబ్ధం −1. ఇంటర్మీడియట్‌లో గణితం చదివినవారందరికీ ఈ వాక్యం కంఠస్థమే. అలా ఎందుకు అవుతుందని అడిగితే మాత్రం చాలామంది మౌనం వహిస్తారు. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇచ్చే ఎంసెట్ (తెలంగాణలో 2024 నుంచి ఎప్‌సెట్) వంటి పరీక్షకు కారణంతో పని లేదు, సూత్రం చాలు. అయితే పరీక్షకు చాలినది చదువుకు చాలదని నా అభిప్రాయం.

వాలు అన్నది మనకు పరాయి మాట కాదు. నీరు పల్లమెరుగునని సామెత. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మిర్యాలగూడ రైతుకు మడిలో నీరు ఎటు పారుతుందో, దానికి అడ్డంగా గట్టు ఎలా వేయాలో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ఎరుకను తరగతి గది వాడుకోకపోవడమే విచారకరం.

ఒక ఉదాహరణ చూద్దాం. మిర్యాలగూడను మూలబిందువుగా తీసుకుందాం. పటం ప్రకారం ఉజ్జాయింపుగా సూర్యాపేట అక్కడికి 6 కిలోమీటర్లు తూర్పున, 30 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. కోదాడ 44 తూర్పున, 14 ఉత్తరాన ఉంది. సూర్యాపేట నుంచి కోదాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారిని సరళరేఖగా భావిస్తే, అది 38 కిలోమీటర్లు తూర్పుకు సాగేలోగా 16 కిలోమీటర్లు దక్షిణానికి దిగుతుంది. అంటే 19కి 8. వాలు −8/19.

ఇప్పుడు ఆ పటాన్ని ఎడమవైపుకు పావు చుట్టు తిప్పండి. తూర్పుకు సాగిన 19 ఉత్తరానికి ఎక్కుతుంది. దక్షిణానికి దిగిన 8 తూర్పుకు సాగుతుంది. కొత్త వాలు 19/8. లవహారాలు తారుమారయ్యాయి, గుర్తు మారింది. రెంటినీ గుణిస్తే −1 వచ్చి తీరుతుంది. కారణం ఇంతే. దీనికి కావలసినది ఒక కాగితం, రెండు నిమిషాలు.

ఇక సమీకరణం. తూర్పు దూరాన్ని 'తూ' అని, ఉత్తర దూరాన్ని 'ఉ' అని అందాం. రహదారి రేఖ 8తూ + 19ఉ = 618. మిర్యాలగూడ నుంచి దానికి గీసిన లంబం 19తూ − 8ఉ = 0. ఈ రెంటినీ సాధిస్తే లంబపాదం సుమారు (11.6, 27.6) వద్ద, అంటే సూర్యాపేట దాటి కోదాడ వైపు ఆరు కిలోమీటర్ల దూరంలో తేలుతుంది. మిర్యాలగూడ నుంచి ఆ రహదారి రేఖకు కనిష్ఠ దూరం 30 కిలోమీటర్లు. తెలిసిన ఊళ్ళ మధ్య ఇలా గీసినప్పుడు జవాబు సబబుగా ఉన్నదో లేదో విద్యార్థి తన కంటితోనే తూచుకోగలడు.

కారణం తెలిసినవారికి సూత్రం హద్దులు కూడా తెలుస్తాయి. తూర్పుపడమరల వీధికి వాలు సున్న, ఉత్తరదక్షిణాల వీధికి వాలు అనిర్వచితం. రెండూ లంబాలే, కానీ అక్కడ −1 రాదు. అలాగే రెండు అక్షాలకూ కొలమానం ఒకటే కావాలి. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లయితే, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 మాత్రమే. డిగ్రీలనే నిరూపకాలుగా తీసుకుంటే లబ్ధం −1 వచ్చినా నేల మీద ఆ రేఖలు సాధారణంగా కచ్చితమైన లంబాలు కావు. అందుకే పైన కిలోమీటర్లు వాడాను.

సిలబస్ పూర్తిచేయవలసిన ఉపాధ్యాయులకు వ్యవధి లేదన్న మాట నిజమే. కానీ కంఠస్థం చేసిన సూత్రంలో గుర్తు మరచిన విద్యార్థికి వేరే దారి ఉండదు. కాగితం తిప్పడం తెలిసిన విద్యార్థి ఆ సూత్రాన్ని తానే మళ్ళీ రాబట్టుకుంటాడు. ఆ రెండు నిమిషాలు వృథా అని నేననుకోను. మిత్రులలో గణితం బోధించేవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.