గుర్తుండని మనిషికి వాయిదాల మీద వాయిదాలు

స్కిజోఫ్రెనియా అనగానే ఎవరూ లేకుండానే మాటలు వినబడడం, అనుమానాలు గుర్తొస్తాయి. మందులతో చాలామందికి అవి తగ్గుతాయి. అంత తేలిగ్గా తగ్గనివి వేరే ఉన్నాయి: ధ్యాస నిలవదు, చెప్పింది గుర్తుండదు, నాలుగు పనులు వరసలో పెట్టుకోవడం చేతకాదు. ఇప్పుడు వాడే మందులు వీటి మీద పెద్దగా పనిచేయవు. వణుకు తగ్గడానికి తోడుగా రాసే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకశక్తిని ఇంకొంత దెబ్బతీయగలదు కూడా. కేకలు ఆగాయి కాబట్టి నయమైపోయిందని ఊరు అనుకుంటుంది. మనిషి మాత్రం పనికి పోలేడు.

ఉన్నవాళ్ల ఇంట్లో అలాంటి కొడుకుని "పాపం, ఒంట్లో బాగోలేదు" అంటారు. మాలపల్లెలో, మాదిగ గూడెంలో అయితే "సోమరిపోతు, తాగుబోతు" అనేస్తారు. మన మీద ఏనాటినుంచో వేసిన ముద్ర ఇక్కడ జబ్బు లక్షణాన్నే కనబడకుండా చేస్తోంది. మన ఇళ్లలో మనమూ ఆ మాటలు అన్నాం, ఒప్పుకోవాలి.

ఇక పింఛను సంగతి. మీసేవలో సదరం స్లాటు, ఆధార్, శిబిరం తేదీ, మెడికల్ బోర్డు, మళ్లీ ఆసుపత్రి వాయిదా. ప్రతి మెట్టూ జ్ఞాపకానికి పరీక్షే. ఏది పోయిందో సరిగ్గా దాన్నే అడుగుతున్నారు! చివరికి కూలి మానుకుని వెంట తిరిగేది అమ్మో, అక్కో. వైకల్య శాతాన్ని 'ఐడియాస్' కొలమానంతో నిర్ణయిస్తారు. తనను తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని - ఈ నాలుగింటినీ అడిగి తెలుసుకుని మార్కులు వేస్తారు. జ్ఞాపకశక్తికి విడిగా పరీక్ష లేదు. ఆ రోజు తల దువ్వుకొచ్చి అడిగినదానికి జవాబు చెబితే 40 శాతం దాటడం కష్టమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన పేరుతో నోటీసులు, అప్పీళ్లు నడిచాయి. నోటీసు ఎక్కడ పెట్టాడో గుర్తులేనివాడు అప్పీలు ఎలా చేస్తాడు?

చట్టం లేక కాదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్‌లో, కుల వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా రాసింది. కులం అన్న మాట అందులో ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఉచిత వైద్యం, ఇంటి దగ్గరే పునరావాసం, ఆసరాతో కూడిన నివాసం కూడా ఉన్నాయి. మన సంఘాలు అట్రాసిటీ చట్టాన్ని కంఠతా చెబుతాయి, ఈ సెక్షన్ మాత్రం ఎత్తవు.

టీబీ రోగి ఎదుట నిలబడి మాత్ర మింగించే ఏర్పాటు ఈ దేశం చేసుకుంది. నెలకోసారి వేసే ఇంజెక్షన్‌ని పీహెచ్‌సీలో ఉంచి, రానివాడి ఇంటికి ఏఎన్ఎంను పంపడం అంతకన్నా కష్టమేం కాదు. సదరం బోర్డు గడపకు రావాలి, వెంట వచ్చే మనిషి కోల్పోయిన కూలి కట్టివ్వాలి. వచ్చే గ్రామసభలో ఈ రెండూ రాతపూర్వకంగా పెడదాం.