గురువు ఉన్న ఊరు: ఆఫ్రికాలో నాడీవైద్య శిక్షణ

మూర్ఛ వచ్చి కిందపడినవారి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం తెలుగు పల్లెలలో తరతరాలుగా ఉన్న అలవాటు. ఇనుము తగిలితే మూర్ఛ తగ్గుతుందని నమ్మకం. ఆ నమ్మకంలో వైద్యశాస్త్రం లేదు గాని, ఒక మేలు మాత్రం ఉన్నది: ఎవరో ఒకరు పరుగెత్తి వచ్చి రోగి చేయి పట్టుకుంటారు. ఆఫ్రికా ఖండంలోని అనేక గ్రామాలలో ఆపాటి మేలు కూడా కరవు. రోగి నోటి నురగ తగిలితే జబ్బు అంటుకుంటుందనే భయం అక్కడ బలంగా ఉన్నది. వంట పొయ్యి దగ్గర మూర్ఛపోయి నిప్పులలో పడిన బిడ్డను పైకి లాగడానికి సైతం జనం జంకుతారు. అక్కడి మూర్ఛరోగుల ఒంటిమీద కాలిన మచ్చలు తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది మూర్ఛరోగులు ఉన్నారు. వారిలో దాదాపు 80 శాతం మంది అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారు. సరైన చికిత్స జరిగితే నూటికి 70 మందికి మూర్ఛలు రాకుండా ఆపవచ్చు. అయినా అల్పాదాయ దేశాలలో నలుగురు రోగులలో ముగ్గురికి చికిత్స అందడం లేదు. మందు ఖరీదైనదా అంటే కాదు. తెలుగునాట గార్డినాల్ పేరుతో ఎందరో ఎరిగిన ఫినోబార్బిటాల్ మాత్రలకు ఏడాది పొడుగునా అయ్యే ఖర్చు 5 డాలర్ల ప్రాంతం. విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు హోటలులో ఒక కప్పు కాఫీకి ఇంచుమించు అంతే చెల్లిస్తాయి.

మరి లోటు ఎక్కడ ఉన్నది? రోగిని చూసి, ఇది దయ్యం కాదు, మూర్ఛ అని చెప్పి, మందు మోతాదు నిర్ణయించి, ఏడాది తరువాత కూడా అదే చోట కనిపించే వైద్యుడు లేకపోవడంలోనే ఉన్నది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన వివరాలను బట్టి అల్పాదాయ దేశాలలో నాడీవైద్యులు, మెదడు శస్త్రవైద్యులు అందరూ కలిసి పది లక్షల జనాభాకు ఒక్కరు. సంపన్న దేశాలలో అదే జనాభాకు 71 మంది. ఆఫ్రికాలో మెదడు వ్యాధుల నివారణకు జరుగుతున్న అంతర్జాతీయ భాగస్వామ్యాలన్నింటినీ ఈ ఒక్క లోటుతో కొలిచి చూడవలసి ఉన్నది. ఎన్ని యంత్రాలు పంపారు, ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి అన్నవి తరువాతి ప్రశ్నలు. డబ్బు ఆగిపోయిన మరునాడు రోగి పక్కన ఎవరు మిగిలారు అన్నది మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. మెదడు ఆపరేషన్ అంటే రాయవేలూరు అని రాయలసీమ కుటుంబాలు ఒకనాడు చెప్పుకొనేవి. భారతదేశపు తొలి మెదడు శస్త్రవైద్య విభాగాన్ని 1949లో అక్కడ నెలకొల్పినవారు డాక్టర్ జేకబ్ చాందీ. కెనడాలోని మాంట్రియాల్‌లో, సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొంది స్వదేశానికి తిరిగివచ్చారు. తిరిగివచ్చి శిష్యులను తయారుచేశారు. సరిగ్గా ఇటువంటి కథే నైజీరియాలోనూ జరిగినది. అమెరికాలోని మిషిగన్‌లో శిక్షణ పొందిన డాక్టర్ లాటుండే ఒడెకు 1962లో స్వదేశం చేరి, ఇబాడాన్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో మెదడు శస్త్రవైద్యానికి పునాది వేశారు. చాందీ, ఒడెకులను ఇద్దరినీ తీర్చిదిద్దినది పరదేశపు గురువులే. కాని ఆ విద్య పంట పండినది వారి స్వస్థలంలో.

అయితే అటువంటివారు ఎందరు? తిరిగిరానివారి సంఖ్య ఎక్కువ. మేధోవలస అనే మాట ఎత్తగానే ప్రవాస తెలుగు కుటుంబాలలో కొంత ఇబ్బంది కలగడం సహజం. పరదేశంలో స్థిరపడిన వైద్యుణ్ణి తప్పుపట్టడం తేలిక. పరికరాలు లేని ఆసుపత్రికి, సకాలంలో రాని జీతానికి, తాను నేర్చిన విద్యకు పనిలేని చోటికి తిరిగి వెళ్లమనడం అంత తేలిక కాదు. ఐదారేళ్లు సంపన్న దేశంలో శిక్షణ ఇచ్చి, అక్కడే పెళ్లి, పిల్లల చదువు, ఇల్లు అన్నీ అమరిన తరువాత తిరిగి వెళ్లలేదని నిందించడం న్యాయం అనిపించుకోదు. లోపం మనిషిలో కంటె ఏర్పాటులో ఉన్నది. విద్యార్థిని గురువు వద్దకు పంపే బదులు, గురువునే విద్యార్థి వద్దకు పంపితే ఎలా ఉంటుంది?

జాంబియాలో జరిగినది అదే. ఆ దేశంలోని చికన్‌కాటా గ్రామీణ ఆసుపత్రి కేంద్రంగా 1990ల నుంచి మూర్ఛరోగుల నడుమ పనిచేసిన అమెరికా నాడీవైద్యురాలు గ్రెచెన్ బర్బెక్, నాడీవైద్యుడు లేనిచోట పనిచేసే సిబ్బంది కోసం ఒక చేతిపుస్తకమే రాశారు. ఆ పుస్తకం అవసరం పడిందంటేనే పరిస్థితి తెలుస్తున్నది. 2018లో రాజధాని లుసాకాలోని విశ్వవిద్యాలయ బోధనాసుపత్రిలో, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు డియానా సేలర్ నాయకత్వంలో దేశపు మొట్టమొదటి నాడీవైద్య స్నాతకోత్తర శిక్షణ ఆరంభమైనది. అంతకుముందు జాంబియా గడ్డమీద శిక్షణ పొందిన నాడీవైద్య నిపుణుడు ఒక్కడూ లేడు. సేలర్ లుసాకాలోనే నివసించి రోజూ వార్డులలో విద్యార్థుల వెంట తిరిగారు. ఏడాదికి రెండు వారాలు వచ్చి, ఉపన్యాసం ఇచ్చి, ఫోటో దిగి వెళ్లే పద్ధతికీ దీనికీ హస్తిమశకాంతరం ఉన్నది. ఇథియోపియాలోని అడిస్ అబాబా విశ్వవిద్యాలయం 2006లోనే ఈ దారి పట్టినది.

స్థానికంగా నేర్పడంలో మరొక ప్రయోజనం కలదు. బాల్టిమోర్ నగరంలో నాడీవైద్యం చదివినవాడికి మలేరియా మెదడుకెక్కిన బిడ్డ కనిపించడు. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరి, వాటి పిల్లదశలు మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పించే రోగి అరుదుగా తప్ప కనిపించడు. ఆఫ్రికా వైద్యునికి అవి నిత్యకృత్యాలు. రోగం ఉన్నచోటనే విద్య ఉండాలనడానికి మలావీ దేశంలోని బ్లాంటైర్ మంచి నిదర్శనం. అక్కడి క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో డాక్టర్ టెరీ టేలర్ బృందం ఏళ్ల తరబడి మలేరియా సోకిన పిల్లలకు చికిత్స చేస్తున్నది. ఆ పిల్లలు ఎందుకు చనిపోతున్నారో మాత్రం తేలలేదు. 2008లో ఎమ్.ఆర్.ఐ. యంత్రం దానంగా వచ్చిన తరువాత గుట్టు బయటపడినది. 2015లో ప్రకటించిన ఫలితాలలో, చనిపోయిన 25 మంది పిల్లలలో 21 మందికి ఆసుపత్రిలో చేరేనాటికే మెదడు తీవ్రంగా వాచి ఉన్నది. బతికినవారిలో అటువంటి వాపు నూటికి 27 మందిలోనే కనిపించినది. మెదడు వాచి, ఊపిరి తీయించే కేంద్రం నొక్కుకుపోవడం వల్ల ప్రాణం పోతున్నదని తేలినది. బతికి బయటపడిన పిల్లల కథ కూడా అంతటితో ముగియదు. వారిలో దాదాపు మూడోవంతు మందికి తరువాత మూర్ఛ గాని, ఇతర మెదడు లోపాలు గాని ఏర్పడుతున్నట్లు బర్బెక్ బృందం 2010లో చూపినది.

భాగస్వామ్యం అంటే ఉన్నవాడు లేనివాడికి పెట్టే ధర్మం అనుకోవడం పొరపాటు. 1992లో నైజీరియాలోని ఇబాడాన్, అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరాల వైద్యులు కలిసి వృద్ధాప్యంలో వచ్చే చిత్తవైకల్యం మీద ఒక పరిశోధన ఆరంభించారు. నైజీరియా పక్షాన దానిని నిలబెట్టినవారు ఆ దేశపు మేటి నాడీవైద్యుడు బెంజమిన్ ఒసుంటోకున్. ఫలితం చూడకుండానే ఆయన 1995లో కన్నుమూశారు. 2001లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం ఏటా కొత్తగా అల్జైమర్ వ్యాధి సోకేవారు ఇబాడాన్‌లోని యొరూబా వృద్ధులలో 1.15 శాతం, ఇండియానాపొలిస్‌లోని ఆఫ్రికన్-అమెరికన్ వృద్ధులలో 2.52 శాతం. పూర్వీకుల మూలాలు ఒకే ప్రాంతానివి, రోగం మాత్రం సగానికి తక్కువ! రెండు చోట్లా ఒకే కొలబద్ద వాడినందువల్లనే ఈ తేడా బయటపడినది. తమ ఇంట వృద్ధుల మతిమరుపుతో సతమతమయ్యే అమెరికా కుటుంబాలకు పనికివచ్చే ప్రశ్న ఆఫ్రికాలోనే పుట్టినదన్నమాట.

ఇక తెలుగువారికి మరింత దగ్గరి విషయం ఒకటి ఉన్నది. కందిపప్పులో, శనగపిండిలో కేసరి పప్పు కల్తీ చేస్తున్నారని తెలుగు పత్రికలలో వార్తలు చూడనివారు ఉండరు. ఆ పప్పును నెలల తరబడి ముఖ్యాహారంగా తిన్నవారికి కాళ్లు బిగుసుకుపోయి, మునివేళ్లమీద కత్తెర నడక పడుతుంది. ఆ అవిటితనం తిరిగి తగ్గదు. దీనికి కారణంగా భావించే విషపదార్థాన్ని 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ వేరుచేసి చూపారు. రావు తరువాత హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అదే పదార్థం మీద కృషి కొనసాగించారు. వానలు లేక మిగిలిన పంటలన్నీ ఎండిపోయినా ఈ పప్పు మాత్రం పండుతుంది. అందువల్లనే 1990లలో ఉత్తర ఇథియోపియా రైతు కుటుంబాలు దీనినే తిని అవిటివయ్యాయి. హైదరాబాదు ప్రయోగశాలలో తేలిన విషయం ఇథియోపియా పొలంలో ఉపయోగపడేదే. కాని ఈ రెండు దేశాల నడుమ రాకపోకలు చాలవరకు ఐరోపా, అమెరికాల మీదుగానే సాగినవి. భారతదేశం, ఆఫ్రికా నేరుగా మాట్లాడుకోవడానికి మధ్యవర్తి ఎందుకో ఆలోచించవలసిన విషయం.

ఆ రోగానికి ఆఫ్రికాలో తోబుట్టువు వంటిది కొంజో. యాకా భాషలో ఆ మాటకు కాళ్లు కట్టివేయబడటమని అర్థం. సరిగా నానబెట్టని చేదు కర్రపెండలంలోని సైనైడ్ దీనికి మూలం. 1981లో మొజాంబిక్ దేశపు నాంపులా రాష్ట్రంలో కరవుకాలాన వెయ్యిమందికి పైగా దీని బారిన పడ్డారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు హోవర్డ్ బ్రాడ్‌బరీ దీనికి సూచించిన ఉపాయం ఏ ఇల్లాలికైనా అర్థమయ్యేది: పెండలం పిండిని నీటితో తడిపి, పలుచగా పరచి, ఎండలో రెండు గంటలు, నీడలోనైతే ఐదు గంటలు ఉంచితే సైనైడ్ గాలిలో కలిసిపోతుంది. కాంగోలోని కాయ్ కలెంగే గ్రామంలో స్థానిక వైద్యులు స్త్రీలకు ఈ పద్ధతి నేర్పిన తరువాత అక్కడ కొత్తగా కొంజో రోగి ఏర్పడలేదు. నాడీవిజ్ఞానం అనగానే కోట్ల డాలర్ల యంత్రాలే కళ్లముందు మెదలనక్కరలేదు.

భాగస్వామ్యాలలోని లోపాలనూ దాచనవసరం లేదు. రక్త నమూనాలు విమానమెక్కి పోతాయి, పరిశోధన పత్రంలో స్థానిక వైద్యుని పేరు నడుమ ఎక్కడో ఇరుక్కుంటుంది. దానంగా వచ్చిన యంత్రం చెడిపోతే బాగుచేసేవాడు ఉండడు. నిధులకు గడువు ఐదేళ్లు. నాడీవైద్యుడు తయారై శిష్యుణ్ణి తయారుచేయడానికి అది చాలదు. అమెరికా ప్రభుత్వం 2010లో 13 కోట్ల డాలర్లతో ఆఫ్రికా వైద్య విద్యాలయాల కోసం ప్రారంభించిన పథకం మంచి ఫలితాలిచ్చినా, దాని గడువు కూడా ఐదేళ్లే. 2025 మే నెలలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ గ్రాంట్ల ద్వారా విదేశీ సంస్థలకు కొత్తగా నిధులు పంచే పాత పద్ధతిని నిలిపివేశాయి. అదే ఏడాది జూలైలో అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ మూతపడినది. పరాయి ఖజానా మీద ఆధారపడిన వైద్యం ఎంత బలహీనమైనదో ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఆఫ్రికా ప్రభుత్వాలు తమ నాడీవైద్యులకు సొంత బడ్జెట్ నుంచి ఉద్యోగాలు ఇవ్వనంతకాలం ఈ భయం తప్పదు. ఈ మాట అక్కడి ప్రభుత్వాలకు చేదుగా ఉండవచ్చును.

ప్రవాస తెలుగువారిలో నాడీవైద్యులకు కొదవ లేదు. ఉస్మానియా, గుంటూరు, కర్నూలు, విశాఖ కళాశాలలలో ప్రజాధనంతో చదివినవారు వారిలో అనేకులు. మలేరియాను, బద్దెపురుగును, నేలమీద పడుకోబెట్టిన రోగులతో నిండిన వార్డును చూసిన అనుభవం వారికి విద్యార్థి దశలోనే కలిగినది. ఆఫ్రికా వార్డులో కాలుపెట్టే అమెరికా వైద్యునికి మొదటి నెలంతా ఆశ్చర్యంతోనే గడుస్తుంది. వారికి ఆ నెల ఆదా అవుతుంది. తెలుగు సంఘాలు ఏటా స్వగ్రామాలలో కంటి శిబిరాలు జరుపుతున్నట్లే, ఒక తెలుగు నాడీవైద్యుణ్ణి మూడు నెలలపాటు లుసాకాకో, అడిస్ అబాబాకో బోధకుడుగా పంపే ఖర్చు భరించవచ్చును. ప్రయాణం కుదరనివారు మెదడు తరంగాల పటాలను ఇంటినుంచే చదివి, అక్కడి విద్యార్థితో చర్చించవచ్చును. చలికాలంలో హ్యూస్టన్‌లో రాత్రి పదకొండు గంటలైనప్పుడు లుసాకాలో ఉదయం ఏడు. వార్డులో ఆనాటి రోగులను చూడటం మొదలయ్యే వేళ అది.