వెనుక దీపం వెలుగుతోందా?

మోటారు బండికి ఎన్ని దీపాలున్నా, అందులో నడిపేవాడి కంటబడనివి వెనుక దీపాలు. వాటిలోనూ ప్రాణం మీదికి తెచ్చేది బ్రేకు దీపం. ముందు దీపం పోతే దారి కనిపించదు గనుక ఆ క్షణంలోనే తెలుస్తుంది. పక్క సిగ్నలు బల్బు పోతే చాలా కార్లలో లోపల వినిపించే టిక్కుటిక్కు చప్పుడు వేగం పెరిగి పట్టిస్తుంది. బ్రేకు దీపం పోతే మాత్రం, ఏవో కొన్ని కొత్త కార్లలో తప్ప, యజమానికి ఏ కబురూ అందదు. బండి మామూలుగానే ఆగుతుంది, మామూలుగానే కదులుతుంది. వారాలు, నెలలు గడిచిపోతాయి. ఆ లోటు మొదట అనుభవించేది వెనుక వస్తున్నవాడు.

ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో ఉండే కార్లు నేడు వీధి వీధికీ కనిపిస్తున్నాయి. రోడ్లు బాగుపడ్డాయి. రోడ్లతో పాటే వేగమూ పెరిగింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగిపోతుంది. ముందున్న బండి ఆగుతోందని గ్రహించడంలో ఒక్క సెకను ఆలస్యమైతే, బ్రేకు మీద కాలు పడకముందే ఆ 16 మీటర్లు కరిగిపోతాయి. మన ఊళ్ల దారుల్లో హఠాత్తుగా బ్రేకు వేయవలసిన సందర్భాలకు కొదవ లేదు. మలుపు తిరగగానే గేదెల మంద, రోడ్డు సగానికి ఆరబోసిన ధాన్యం, బడి వదిలిన పిల్లలు, చీకట్లో దీపం లేని ఎడ్లబండి. అటువంటప్పుడు ముందువాడు వేసిన బ్రేకును వెనుకవాడికి తెలియజెప్పేది ఆ ఎర్రని వెలుగు ఒక్కటే.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. ఆ ప్రమాదాలలో వెనుకనుంచి ఢీకొన్నవి ఐదింట ఒక వంతుకు పైగా ఉన్నాయి. వాటన్నింటికీ వెలగని దీపమే కారణమని ఎవరూ అనరు. అతివేగం, తాగి నడపడం, నిద్రమత్తు ఎలాగూ ఉన్నాయి. వాటిని అరికట్టడం పెద్ద పని. కాని మాడిపోయిన బల్బును మార్చడం పావుగంట పని. ఆ పావుగంట పనిని నెలల తరబడి వాయిదా వేయడమే శోచనీయం.

ఈ ఉపేక్షకు కారణం లేకపోలేదు. అద్దెకు తిప్పే వాహనాలకు గడువు ప్రకారం ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకు ఒకసారి రిజిస్ట్రేషను అయితే 15 ఏళ్ల దాకా అటువంటి పరీక్ష లేదు. మెకానిక్కు షెడ్డు పట్నంలో ఉంటుంది. ఒక్క బల్బు కోసం అంతదూరం ఎవరు పోతారు, వచ్చే సర్వీసింగులో చూద్దాంలే అనుకుంటారు. అసలు ఈ పనికి మెకానిక్కు అవసరమే లేదన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో బల్బు పోతే ఎలక్ట్రీషియనును పిలవం గదా! ఇదీ అంతే.

దీపం వెలుగుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి మరో మనిషి కూడా అక్కరలేదు. సందెవేళ కారు వెనుకభాగాన్ని గోడవైపు నిలిపి బ్రేకు తొక్కితే, గోడమీద ఎర్రని వెలుగు అద్దంలో కనిపిస్తుంది. కుడివైపు, ఎడమవైపు సమానంగా పడుతున్నదా చూసుకోవాలి. వెనుక అద్దం దగ్గర మూడో దీపం ఉంటే అదీ వెలగాలి. రాత్రి లైట్లు వేసినప్పుడు వెనుక ఎర్రగానే ఉంది గదా అని సరిపెట్టుకోరాదు. చాలా కార్లలో ఒకే బల్బులో రెండు తీగలుంటాయి. రాత్రిపూట సన్నగా వెలిగేది 5 వాట్ల తీగ. బ్రేకు తొక్కినప్పుడు ప్రకాశంగా వెలిగేది 21 వాట్ల తీగ. ఒకటి బాగుండి రెండోది తెగిపోవచ్చు.

ఒకవైపు మాత్రమే పోతే సాధారణంగా తప్పు బల్బుది. అన్నీ ఒక్కసారే పోతే ఫ్యూజును గాని, బ్రేకు పెడలు దగ్గరుండే స్విచ్చిని గాని అనుమానించాలి. ఫ్యూజు పోయినచోట సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగో చుట్టే అలవాటు కొందరికి ఉన్నది. అది బండిని నిప్పుకు అప్పగించడమే. దానిమీద ఉన్న అంకె చూసి అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి.

ఇక బల్బు మార్చే విధానం. ముందుగా ఇంజను ఆపి, తాళం చెవి తీసి, దీపాలన్నీ ఆర్పాలి. అప్పటిదాకా వెలిగిన బల్బు చేయి కాలుస్తుంది గనుక కొంచెం చల్లారనివ్వాలి. డిక్కీ తెరిస్తే కొన్ని కార్లలో దీపం వెనుక చిన్న మూత ఉంటుంది. మరికొన్నింటిలో రెండు మూడు స్క్రూలు విప్పి దీపం గూడును మొత్తంగా బయటికి లాగాలి. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఆ వివరం ఉంటుంది. హోల్డరును గడియారం ముల్లుకు ఎదురుదిశగా తిప్పితే ఊడివస్తుంది. బల్బును లోపలికి కాస్త నొక్కి, అదే దిశలో తిప్పి తీయాలి. లోహపు టోపీ లేకుండా అడుగు కూడా గాజుతోనే ఉన్న రకమైతే తిప్పనక్కరలేదు, నిటారుగా లాగాలి. లోపలి తీగ తెగి ఉన్నా, గాజు నల్లబడినా బల్బు పని అయిపోయినట్లే.

పాత బల్బును పారేయకుండా దుకాణానికి పట్టుకుపోవడం మంచిది. దానిపైన 12 వోల్టులు, 21/5 వాట్లు అన్న అంకెలుంటాయి. అదే అంకె ఉన్నది అడిగి తెచ్చుకోవాలి. వెలుగు ఎక్కువ కావాలని పెద్ద వాట్ల బల్బు వేస్తే ఆ వేడికి ప్లాస్టిక్కు గూడు కరిగిపోతుంది. రెండు తీగల బల్బుకు పక్కనుండే రెండు చీలలు ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. సరైన దిశలోనే అమరాలని చేసిన ఏర్పాటు అది. పట్టకపోతే సగం చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నించాలే గాని బలవంతంగా దూర్చరాదు. అలా దూర్చితే రెండు తీగలూ తారుమారై, బ్రేకు వేసినప్పుడు వెలగవలసినది ఎప్పుడూ వెలుగుతూ, అసలు బ్రేకు వేసినప్పుడు వెనుకవాడికి తేడా తెలియకుండా పోతుంది.

హోల్డరు లోపల పచ్చగానో తెల్లగానో చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో తేలికగా రుద్ది శుభ్రం చేయాలి. బ్రేకు తొక్కితే మిగిలిన దీపాలు మసకబారినా, సంబంధం లేని సిగ్నలు దీపం మినుకుమన్నా ఎర్తు వైరు వదులైందని గ్రహించాలి. స్క్రూలు బిగించకముందే ఒకసారి బ్రేకు తొక్కి చూసుకోవాలి. రబ్బరు పట్టీ సరిగా కూర్చోకపోతే వానకాలంలో నీరు చేరి మళ్లీ మొదటికే వస్తుంది. కొత్త బల్బు కూడా వెంటవెంటనే మాడిపోతూ ఉంటే అప్పుడు ఎలక్ట్రీషియను వద్దకు వెళ్లాలి. ఇటీవలి కార్లలో ఉండే ఎల్‌ఈడీ దీపాలకు విడిగా మార్చే బల్బు ఉండదు. అవి షెడ్డులో చూపించవలసినవే.

కార్ల కన్నా అధ్వాన్నంగా ఉన్నవి ట్రాక్టరు ట్రాలీలు. వెనుక దీపం ఉన్నా ట్రాక్టరుకు కలిపే వైరు తెగిపోయి ఉంటుంది. వైరు ఉన్నా వరిగడ్డి మోపులు, చెరుకు గడలు దీపాలను కప్పివేస్తాయి. కోతల కాలంలో పొద్దుగూకిన తర్వాత కదిలే ప్రతి ట్రాలీకి వెలిగే దీపంతో పాటు ఎర్రని రిఫ్లెక్టరు పట్టీ అయినా ఉండేలా రైతు సోదరులు శ్రద్ధ వహించాలి. పట్టీ బ్రేకు సంగతి చెప్పలేదు. కాని ఎదుట బండి ఉన్నదన్న సంగతైనా చెబుతుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనలు వాహనానికి వెనుక దీపాలు, ఆపే సంకేత దీపాలు పనిచేస్తూ ఉండాలని నిర్దేశిస్తున్నాయి. పోలీసులు, రవాణా అధికారులు హెల్మెట్టు, లైసెన్సులతో పాటు వెనుక దీపాన్నీ చూడాలి. అయితే జరిమానా రసీదు ఇచ్చినంత మాత్రాన బల్బు వెలగదు. ఏటా జరిపే రహదారి భద్రతా ఉత్సవాలను పట్నంలో ఊరేగింపులతో సరిపెట్టకుండా, సంతరోజున మండల కేంద్రాల్లో దీపాల తనిఖీ పెట్టి, ఐటీఐ విద్యార్థుల చేత అక్కడికక్కడే బల్బు మార్చి చూపిస్తే మేలు. పెట్రోలు బంకుల్లో ఈ బల్బులు దొరికేలా చూడటం కూడా పెద్ద కష్టం కాదు.

అన్నింటికీ మించి మన ఊళ్లలో ఒక మంచి అలవాటు ఉన్నది. స్టాండు తీయకుండా పోతున్న మోటారు సైకిలును చూస్తే ముక్కూ మొగం తెలియకపోయినా కేకవేసి చెబుతాం. చీర కొంగు చక్రంలో పడబోతుంటే బండి ఆపిస్తాం. వెనుక దీపం వెలగని బండిని చూసినప్పుడు కూడా ఆ ఒక్క మాట చెప్పాలి. తన దీపం తనకు కనిపించదు గనుక ఎదుటివాడే చెప్పాలి. చెప్పించుకున్నవాడు చిన్నబుచ్చుకోకుండా ఆ సాయంత్రమే బల్బు మార్చుకోవాలి. దాని ఖరీదు ఇద్దరి టిఫిను ఖర్చుకు మించదు. ఒక బల్బు కొన్నప్పుడే రెండోది కూడా కొని డ్యాష్‌బోర్డులో వేసుకుంటే, మళ్లీ వాయిదా వేయడానికి సాకు మిగలదు.