కందెనలు వాడటం

మా వాడు ఎనిమిదో తరగతి. క్రితం నెల పరీక్షలో ‘ఘర్షణను తగ్గించే పద్ధతి ఒకటి రాయండి’ అంటే ‘క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లడం’ అని రాశాడు. ఎర్ర ఇంటూ పడింది. బడికి వెళ్ళి అడిగాను. “మెటీరియల్‌లో ‘కందెనలు వాడటం’ అని ఉంది సార్. అదే రాయాలి.”

మరి ఆ పౌడర్ చేసే పనేమిటి? ఎన్‌సీఈఆర్‌టీ పాత ఎనిమిదో తరగతి పుస్తకంలో, ఘర్షణ పాఠంలోనే, క్యారమ్ పౌడర్ ఉంది. పుస్తకం తెరిస్తే కదా కనబడేది!

ఇంకా ఒళ్ళు మండే సంగతి, ఆ పాఠం చెప్పింది ఆటల పీరియడ్‌లో. చెప్పడమంటే నోట్సు రాయించడం. సిలబస్ వెనకబడితే ముందు ఎగిరిపోయేది ఆటలే. పోనీ, ఆ పీరియడ్ లాక్కున్న సైన్సయినా గ్రౌండ్‌కి వెళ్ళిందా? గ్రౌండ్‌లో బడి బస్సులు నిలబెట్టారు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. దేశీ ఆటలతో కలిపి పాఠాలు నేర్పమని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఎవరికి పట్టింది? “స్పోర్ట్స్ డే చేస్తున్నాం కదా సార్!”

కబడ్డీలో కూతకెళ్ళినవాడికి 30 సెకన్లు. కూత పెడుతున్నంతసేపూ ఊపిరి బయటికే పోతుంది, లోపలికి రాదు. వెళ్ళేముందు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టించండి, తిరిగొచ్చి రొప్పుతున్నప్పుడు మళ్ళీ లెక్కపెట్టించండి. గుండె పాఠం, ఊపిరితిత్తుల పాఠం రెండూ ఆ గీతల మధ్యే అయిపోతాయి. కర్రాబిళ్ళలో బిళ్ళను మొన మీద కొడితే లేస్తుంది, నడుం మీద కొడితే లేవదు. ఎందుకో అడగండి పిల్లల్ని. ఖర్చు ఒక చెట్టుకొమ్మ. దానికీ బడ్జెట్ లేదా?

వేగం లెక్కలు చూడండి, ఇప్పటికీ రైలూ, కరెంటు స్తంభమూ. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో పూర్తిచేసింది. సెకనుకి 7.8 మీటర్లు, అదీ పది హర్డిల్స్ దూకుతూ! ఈ లెక్క చేయనని ఏ పిల్లాడంటాడు? ఇచ్చేవాళ్ళేరీ?

పోయిన వారం యూనిట్ టెస్టులో ఆ ఘర్షణ ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఈసారి ‘కందెనలు వాడటం’ అని రాసి మార్కు తెచ్చుకున్నాడు.

“కందెన అంటే ఏంట్రా?” అన్నాను.

“తెలీదు నాన్నా.”